మత్తుపై షరతు: రంప ఏజెన్సీలో చిగురు పన్ను నుంచి ఇంజను తాళం దాకా

వ్యాస సంగ్రహం

మద్యం సేవించి వాహనం నడిపినవారికి జైలుశిక్షకు బదులుగా, వారి వాహనానికి శ్వాస పరీక్షతో ముడిపడిన ఇంజను తాళం అమర్చాలన్న షరతు విధించడం అనేక దేశాల్లో అమలులో ఉంది. భారతీయ చట్టంలో ఈ పద్ధతికి ఇంకా ప్రత్యేక స్థానం లేదు. మత్తు పదార్థాలపై రాజ్యం విధించిన షరతుల చరిత్రకు రంపచోడవరం ప్రాంతం ప్రధాన సాక్ష్యం. 1879 నాటి రంప ఫితూరీకి తక్షణ కారణాల్లో కల్లుపై అబ్కారీ నిబంధన ఒకటి. ఆ అనుభవం ఆధారంగా, మత్తుపై విధించే షరతు న్యాయంగా నిలవాలంటే ఏ లక్షణాలు ఉండాలో ఈ వ్యాసం పరిశీలిస్తుంది. షరతు కఠినత కన్నా, దాని నిర్వహణ ఎవరి చేతిలో ఉంది, దానివల్ల లాభం ఎవరికి అన్న ప్రశ్నలే నిర్ణాయకమని ప్రతిపాదిస్తుంది.

కీలక పదాలు: రంప ఫితూరీ, చిగురు పన్ను, అబ్కారీ, మోటారు వాహనాల చట్టం, ప్రొబేషన్, ఇగ్నిషన్ ఇంటర్‌లాక్, పెసా చట్టం.

1. ఉపోద్ఘాతం

మద్యానికి సంబంధించిన చట్టాల చరిత్రను సాధారణంగా ఆదాయం, నిషేధం అనే రెండు ధ్రువాల మధ్య జరిగిన ఊగిసలాటగా చెబుతారు. ఈ దృష్టిలో కొంత సత్యం ఉన్నా, ఒక ముఖ్యమైన మార్పు దీనివల్ల మరుగున పడుతుంది. చట్టం దేనిని పట్టుకుంటోంది అన్నది కాలక్రమంలో మారుతూ వచ్చింది. మొదట అది కల్లుచెట్టును పట్టుకుంది. తరువాత దుకాణాన్ని, ఆపై తాగేవాడి నడతను, అటుపిమ్మట అతని రక్తంలోని ఆల్కహాలు మోతాదును పట్టుకుంది. ఇంజను తాళం ఈ వరుసలో చివరిది. తాగడానికీ నడపడానికీ నడుమ ఉన్న క్షణాన్ని అది పట్టుకుంటుంది.

ఈ మార్పును అనుశీలించడానికి రంపచోడవరాన్ని కేంద్రంగా తీసుకోవడానికి కారణం ఉంది. పూర్వపు తూర్పుగోదావరి జిల్లా ఏజెన్సీకి కేంద్రంగా ఉండి, 2022 ఏప్రిల్ 4న అల్లూరి సీతారామరాజు జిల్లాలో చేరిన ఈ కొండ ప్రాంతంలో మత్తుపై రాజ్యం పెట్టిన షరతు ఒకసారి సాయుధ తిరుగుబాటుకు దారితీసింది. నేడు రాజమహేంద్రవరం నుంచి రంపచోడవరం, పాడేరు, అరకుల మీదుగా విజయనగరం చేరే 516ఈ జాతీయ రహదారి ఈ ప్రాంతం గుండానే వెళుతోంది. మత్తు చరిత్ర, రహదారి చరిత్ర ఒకచోట కలిసే ప్రదేశమిది.

2. చెట్టు మీద షరతు: 1879

రంప మన్సబు మొదటినుంచీ షరతులతో కూడిన అధికారమే. 1813లో కుదిరిన ఏర్పాటు ప్రకారం కొండల్లో శాంతిభద్రతలు కాపాడాలన్న నిబంధనతో కంపెనీ ప్రభుత్వం మన్సబుదారుకు గ్రామాలను వదిలిపెట్టింది. మన్సబుదారు కింద ముఠాదార్లు, వారి కింద కొండరెడ్లు, కోయదొరలు తదితర గిరిజనులు ఉండేవారు. ఈ అంచెల్లో పై అంచె తన బాధ్యతను విడిచిపెట్టి వసూళ్లను మాత్రం పెంచుకుంటూ పోవడం పందొమ్మిదో శతాబ్ది మధ్యభాగం నుంచి కనిపిస్తుంది.

కొండవాసుల జీవితంలో కల్లు విలాస వస్తువు కాదు. జీలుగు చెట్టు, తాటిచెట్టు నుంచి తీసిన రసం కొద్ది గంటల్లోనే పులుస్తుంది. తిండిగింజలు తరిగిపోయే కాలంలో అది ఆహారంలో భాగం. పండుగకూ పెళ్లికీ చావుకూ అది తప్పనిసరి. బైసన్ కొండల రెడ్లపై 1945లో గ్రంథం ప్రకటించిన మానవశాస్త్రవేత్త క్రిస్టఫ్ వాన్ ఫ్యూరర్-హైమెండార్ఫ్ కూడా ఆ జీవనంలో జీలుగు చెట్టుకు గల ప్రాధాన్యాన్ని నమోదు చేశాడు.

ఈ నేపథ్యంలో కొత్త అబ్కారీ నిబంధనలు సొంత వాడకానికి కూడా కల్లు గీయడాన్ని నిషేధించి, కల్లు ఆదాయాన్ని గుత్తకు ఇచ్చాయి. గుత్తేదారులు ‘చిగురు పన్ను’ పేరిట వసూళ్లు మొదలుపెట్టారు. మన్సబుదారు దానిమీద మరో అదనపు పన్ను ప్రకటించాడు. 1907లో వెలువడిన గోదావరి జిల్లా గెజిటీరులో ఎఫ్. ఆర్. హెమింగ్‌వే ఈ అంశాలనే తిరుగుబాటు కారణాలుగా పేర్కొన్నాడు. వాటితోపాటు ఆయన చెప్పిన మరో కారణం ఈ వ్యాసానికి అంతే ముఖ్యమైనది. మైదానం నుంచి వచ్చిన వర్తకులు కొండవాసులతో అన్యాయమైన ఒప్పందాలు చేసుకొని, సివిల్ కోర్టుల్లో ఎక్స్‌పార్టీ డిక్రీలు పొంది, వారి పశువులను, ధాన్యాన్ని జప్తు చేయించేవారు. తమకు తెలియని భాషలో, తాము హాజరుకాలేని చోట వెలువడిన తీర్పు తమ ఇంటి ముందుకు పోలీసుల రూపంలో వచ్చేది.

1879 మార్చిలో రంపలో మొదలైన ఫితూరీ ఏప్రిల్ నాటికి విశాఖపట్నం జిల్లా గొలుగొండ కొండలకు, జులై నాటికి భద్రాచలం తాలూకాలోని రేకపల్లికి వ్యాపించింది. కారం తమ్మన్నదొర, అంబుల్ రెడ్డి, ద్వారబంధాల చంద్రయ్య ప్రధాన నాయకులు. దీనిని అణచడానికి మద్రాసు పదాతి దళాలు, సాపర్లు, అశ్వికదళం, హైదరాబాదు కంటింజెంటు సైనికులు అవసరమయ్యారు. 1880లో చంద్రయ్య, తమ్మన్నదొర మరణించారు. రెవెన్యూ బోర్డు సభ్యుడు సలివాన్ విచారణ అనంతరం మన్సబుదారును తొలగించి, ముఠాదార్లతో ప్రభుత్వమే నేరుగా ఒప్పందం చేసుకుంది. సొంత వాడకానికి కల్లు గీసుకునే హక్కును కొండవాసులకు తిరిగి ఇచ్చింది.

ఇక్కడ గమనించవలసిన విషయం ఒకటుంది. 1879 నాటి అబ్కారీ నిబంధన తాగడాన్ని తగ్గించేందుకు పెట్టినది కాదు. తాగడంవల్ల ఎవరికైనా కలిగే హానిని నివారించేందుకు పెట్టినది అసలే కాదు. ఒక అలవాటును అనుమతిగా మార్చి, ఆ అనుమతిని అమ్మే హక్కును మూడో వ్యక్తికి గుత్తకిచ్చింది. షరతును అమలుచేసేవాడే షరతువల్ల లాభపడేవాడు కూడా అయినప్పుడు, షరతు పన్నుగా మారుతుంది. రంప ఫితూరీ అబ్కారీ చరిత్రకు మిగిల్చిన ప్రధాన పాఠం ఇదే.

3. నడత మీద, ఊరి మీద షరతు

నలభై ఏళ్ల తరువాత అవే కొండల్లో మత్తు గురించి పూర్తిగా భిన్నమైన స్వరం వినిపించింది. 1922 ఆగస్టు 22న చింతపల్లి పోలీసు స్టేషనుపై దాడితో తిరుగుబాటు ప్రారంభించడానికి ముందు, అల్లూరి సీతారామరాజు గిరిజనులను తాగుడు మానాలనీ, తగవులను కోర్టులకు తీసుకుపోక పంచాయితీలలో తీర్చుకోవాలనీ ప్రబోధించాడు. అదే ఏడాది అక్టోబరులో ఆయన దళం అడ్డతీగల, రంపచోడవరం స్టేషన్లకు చేరింది. ఆ తిరుగుబాటు వెనుక రహదారి కూడా ఉంది. నర్సీపట్నం నుంచి చింతపల్లికి వేస్తున్న దారి పనిలో గూడెం డిప్యూటీ తహశీలుదారు బాస్టియన్ చేయించిన వెట్టి, సరిగా చెల్లించని కూలి ప్రజల ఆగ్రహానికి ముఖ్య కారణాలు.

పైకి చూస్తే 1879, 1922 పరస్పర విరుద్ధాలు. ఒకటి కల్లు గీసే హక్కు కోసం, మరొకటి తాగుడు మానడం కోసం. లోతుగా చూస్తే రెండింటిలోనూ ఉన్నది ఒకే వాదం. మత్తుపై నియమం పెట్టే అధికారం కొండ సమాజానిదే తప్ప గుత్తేదారుది కాదు, దూరపు కోర్టుది కాదు. డేవిడ్ ఆర్నాల్డ్ 1839 నుంచి 1924 వరకు జరిగిన గూడెం-రంప తిరుగుబాట్లను ఒకే పరంపరగా అధ్యయనం చేశాడు. మత్తు విషయంలో కూడా ఆ పరంపరను ఈ విధంగా గుర్తించవచ్చు.

మైదాన ప్రాంతాల్లో ఈ చరిత్ర మరో దారిలో నడిచింది. 1937లో రాజాజీ మంత్రివర్గం మద్రాసు మద్యనిషేధ చట్టం తెచ్చి, ఆ ఏడాది అక్టోబరు 1న సేలం జిల్లాలో అమలు ప్రారంభించింది. 1992లో నెల్లూరు జిల్లా దూబగుంట మహిళలు మొదలుపెట్టిన సారా వ్యతిరేకోద్యమం ఫలితంగా 1993 అక్టోబరు 1 నుంచి సారా నిషేధం, 1995 జనవరి 16 నుంచి సంపూర్ణ మద్యనిషేధం వచ్చాయి. 1997లో నిషేధం సడలింది. ఈ దశలో చట్టం పట్టుకున్నది దుకాణాన్ని, దాని ద్వారా మొత్తం జనాభాను.

గిరిజన ప్రాంతాలకు మాత్రం చట్టం వేరే సూత్రాన్ని అంగీకరించింది. గిరిజన ప్రాంతాల్లో వ్యాపార రీత్యా మద్యం అమ్మకాన్ని ఆపాలని, సొంత వాడకానికి సంప్రదాయ పానీయాలు చేసుకోవడాన్ని మన్నించాలని 1975లో కేంద్రం మార్గదర్శకాలు ఇచ్చింది. 1996 డిసెంబరులో వచ్చిన పెసా చట్టం 4వ సెక్షను, మత్తు పదార్థాల అమ్మకాన్ని, వాడకాన్ని నిషేధించే లేదా నియంత్రించే అధికారం గ్రామసభకు, తగిన స్థాయి పంచాయతీకి ఉండేలా చూడాలని రాష్ట్రాలను ఆదేశించింది. ఆంధ్రప్రదేశ్ 1998లో చట్టసవరణ ద్వారా, 2011లో నియమావళి ద్వారా దీనికి రూపమిచ్చింది. 1880లో పాలనాపరమైన సర్దుబాటుగా లభించినది ఈ విధంగా చట్టబద్ధమైన అధికారంగా స్థిరపడింది.

4. రక్తం మీద కొలత

మోటారు వాహనం రాకతో తాగుడు సమస్య స్వరూపం మారింది. నడిచి వెళ్లే మనిషి మత్తు అతని కుటుంబానికీ ఊరికీ సంబంధించినది. చక్రం పట్టిన మనిషి మత్తు దారిలో ఎదురయ్యే అపరిచితుడి ప్రాణానికి సంబంధించినది. 1939 మోటారు వాహనాల చట్టం 117వ సెక్షను, వాహనాన్ని సరిగా అదుపు చేయలేనంతగా మత్తులో ఉండటాన్ని నేరంగా పరిగణించింది. అంటే అదుపు తప్పిందని నిరూపించాలి. అది సాక్షుల మాటపై, అధికారి అంచనాపై ఆధారపడిన విషయం.

1988 చట్టం 185వ సెక్షను ఈ అంచనా స్థానంలో కొలతను నిలిపింది. మొదట రక్తంలో ఎంత స్వల్పంగా ఆల్కహాలు ఉన్నా నేరమే అన్నది. 1994 సవరణతో 100 మిల్లీలీటర్ల రక్తంలో 30 మిల్లీగ్రాములు మించితే నేరమని నిర్దేశించింది. తొలి నేరానికి ఆరు నెలల వరకు జైలు, లేదా జరిమానా, లేదా రెండూ విధించవచ్చు. 2019 సవరణ తొలి నేరానికి జరిమానాను 2,000 నుంచి 10,000 రూపాయలకు, మళ్లీ చేస్తే 15,000 రూపాయలకు పెంచింది. 20వ సెక్షను ప్రకారం శిక్షపడినవారిని కనీసం ఆరు నెలలు లైసెన్సుకు అనర్హులుగా ప్రకటించాలి.

ఈ కొలతకు ఒక గొప్ప సుగుణముంది. అది పానీయాల మధ్య తేడా చూపదు. జీలుగు కల్లయినా, ఇప్పసారాయైనా, దుకాణంలో కొన్న విస్కీ అయినా శ్వాస పరికరానికి ఒకటే. తాగడాన్ని తప్పుపట్టకుండా, తాగి నడపడాన్ని మాత్రమే తప్పుపట్టే భాష తొలిసారి చట్టానికి దొరికింది. 1879 నాటి నిబంధనలో లోపించినది సరిగ్గా ఈ విచక్షణే.

అయితే కొలత నేరం జరిగిన తరువాతే వస్తుంది. దుకాణాన్ని రహదారికి దూరం చేయడం ద్వారా ముందే నివారించే ప్రయత్నం సుప్రీంకోర్టు 2016 డిసెంబరు 15న కె. బాలు కేసులో చేసింది. జాతీయ, రాష్ట్ర రహదారులకు 500 మీటర్ల లోపు మద్యం దుకాణాలు ఉండరాదని ఆదేశించి, ఇరవై వేలు మించని జనాభా గల స్థానిక సంస్థల పరిధిలో ఆ దూరాన్ని తరువాత 220 మీటర్లకు తగ్గించింది. మరోవైపు, తాగి నడిపినవారి వాహనాన్ని పట్టి ఉంచే అధికారం పోలీసులకు లేదని, మద్యం సేవించని మరో వ్యక్తికి దానిని అప్పగించాలని తెలంగాణ హైకోర్టు 2021 నవంబరులో చెప్పింది. నేరం మనిషిదా, బండిదా అన్న ప్రశ్న ఈ తీర్పులో అంతర్లీనంగా ఉంది. ఇంజను తాళం ఈ ప్రశ్నకు మూడో సమాధానం. బండి ఇంటి దగ్గరే ఉంటుంది, కాని తాగినవాడి ఊపిరికి అది కదలదు.

5. ఇంజను తాళం: పుట్టుక, పనితీరు

ఇగ్నిషన్ ఇంటర్‌లాక్ అని పిలిచే ఈ పరికరం అమెరికాలో 1960ల చివర రూపుదిద్దుకుంది. 1986లో కాలిఫోర్నియా చేసిన చట్టంతో తాగి నడిపి శిక్షపడినవారిపై కోర్టు షరతుగా దీనిని ప్రయోగాత్మకంగా అమలు చేశారు. 2005లో న్యూమెక్సికో తొలి నేరస్థులందరికీ దీనిని తప్పనిసరి చేసింది. ఫ్రాన్సులో ఇది నివారణగా కూడా, ప్రయాణికులను తీసుకువెళ్లే బస్సులకు వర్తించింది.

పరికరం పనితీరు సరళమైనది. డ్రైవరు గొట్టంలోకి ఊదితే, లోపలి ఫ్యూయల్ సెల్‌లో ప్లాటినం పలక మీద ఆల్కహాలు ఆక్సీకరణం చెంది స్వల్ప విద్యుత్తు పుడుతుంది. ఆ విద్యుత్తు పరిమాణం శ్వాసలోని ఆల్కహాలును తెలుపుతుంది. అది నిర్ణీత హద్దు దాటితే ఇంజను స్టార్టు కాదు. ప్రయాణం మధ్యలోనూ మళ్లీ ఊదమని అడుగుతుంది. ప్రతి ప్రయత్నం నమోదై, పర్యవేక్షించే అధికారికి చేరుతుంది.

పరికరం బండిలో ఉన్నంతకాలం తిరిగి అదే నేరం చేయడం గణనీయంగా తగ్గుతుందని, తొలగించాక ఆ ప్రభావం నిలవదని విదేశీ అధ్యయనాలు చూపాయి. అంటే అది తాళమే కాని చికిత్స కాదు. మరో అంశం చరిత్ర విద్యార్థి దృష్టిని తప్పక ఆకర్షిస్తుంది. అమెరికాలో ఈ పరికరాన్ని అమర్చేది, నెలనెలా అద్దె వసూలు చేసేది ప్రైవేటు కంపెనీలు. ఖర్చు సాధారణంగా శిక్షపడినవాడిదే. పేదలకు మినహాయింపులు, సహాయ నిధులు కొన్ని రాష్ట్రాల్లో ఉన్నా, షరతు నిర్వహణ లాభాపేక్ష గల మూడో పక్షం చేతిలో ఉంది.

6. ప్రొబేషన్ చట్టంలో దీని స్థానం

ఈ షరతు విధించడానికి భారతీయ న్యాయవ్యవస్థకు ఆధారం లేకపోలేదు. నేరస్థులను జైలుకు పంపక పర్యవేక్షణలో ఉంచే పద్ధతికి మద్రాసు రాష్ట్రం 1936 నాటి చట్టంతోనే రూపమిచ్చింది. అఖిల భారత స్థాయిలో 1958 నేరస్థుల ప్రొబేషన్ చట్టం వచ్చింది. దాని 4వ సెక్షను ప్రకారం కోర్టు సత్ప్రవర్తన బాండుపై నేరస్థుడిని విడుదల చేసి, ప్రొబేషన్ అధికారి పర్యవేక్షణలో ఉంచవచ్చు. అలా ఉంచినప్పుడు నివాసం, మత్తు పదార్థాలకు దూరంగా ఉండటం, లేదా అదే నేరం మళ్లీ జరగకుండా అవసరమనిపించిన మరే విషయంపైనైనా అదనపు షరతులు విధించవచ్చు.

మత్తుకు దూరంగా ఉండాలన్న షరతు చట్టంలో ఇప్పటికే ఉందన్నమాట. కాని ఆ షరతును పాటిస్తున్నదీ లేనిదీ తెలుసుకునే మార్గం ప్రొబేషన్ అధికారికి దాదాపు లేదు. పండుగనాడు కల్లు ముట్టకుండా ఉండటం సామాజికంగా అసాధ్యమైన ఊరిలో ఆ షరతు అమలుకు నోచుకోదు, లేదా అన్యాయంగా అమలవుతుంది. ‘మరే విషయమైనా’ అన్న పదజాలం కింద ఇంజను తాళాన్ని చేర్చితే షరతు సంకుచితమవుతుంది, అందువల్లనే న్యాయబద్ధమవుతుంది. తాగవద్దని కాక, తాగి నడపవద్దని మాత్రమే అది కోరుతుంది.

దీనికి ఒక గట్టి అభ్యంతరం ఉంది. నిర్లక్ష్యంగా వాహనం నడిపి మరణానికి కారణమైనవారికి ప్రొబేషన్ ప్రయోజనం ఇవ్వరాదని సుప్రీంకోర్టు 2000లో దల్బీర్ సింగ్ కేసులో స్పష్టం చేసింది. రోడ్డు మరణాలు పెరుగుతున్న దేశంలో మెతకదనం తగదన్నది ఆ తీర్పు సారం. ఆ వాదం మరణం సంభవించిన కేసులకు సంబంధించినది. ఎవరికీ హాని జరగకముందే తనిఖీలో పట్టుబడిన 185వ సెక్షను నేరస్థుడి విషయం వేరు. అతని విషయంలో జరిమానా కట్టి మర్నాడే బండెక్కడం కన్నా, ఏడాదిపాటు ప్రతి ఉదయం యంత్రం ముందు ఊపిరి ఊదవలసి రావడమే ఎక్కువ కఠినం, ఎక్కువ ప్రయోజనకరం.

7. రంప చరిత్ర ముందుంచే ప్రశ్నలు

ఇంజను తాళాన్ని రంపచోడవరం వంటి ప్రాంతంలో ఊహించినప్పుడు 1879 అనుభవం నాలుగు ప్రశ్నలు వేస్తుంది.

మొదటిది, వసూలు ఎవరిది? పరికరం అద్దె, మరమ్మతు, తనిఖీ రుసుములను ప్రైవేటు కంపెనీకి గుత్తకిస్తే, అప్పుడు కల్లు గుత్తేదారు ఎక్కడ నిలిచాడో ఇప్పుడు ఆ కంపెనీ అక్కడే నిలుస్తుంది. షరతు గడువు పొడిగినకొద్దీ లాభపడే పక్షానికి షరతు నిర్వహణ అప్పగించకూడదు. ఖర్చును జరిమానాల నిధి నుంచి రాజ్యమే భరించడం దీనికి సహజమైన పరిష్కారం.

రెండోది, బండి ఎవరిది? మారేడుమిల్లి ఘాటులోనైనా, గంగవరం, అడ్డతీగల దారుల్లోనైనా సామాన్యులు ఎక్కేది మోటారు సైకిలు, షేరు ఆటో, జీపు. ఈ పరికరం ప్రధానంగా కారును దృష్టిలో పెట్టుకొని రూపొందినది. నడిపేవాడు ఒకడు, యజమాని మరొకడు అయినచోట నేరస్థుడిపై షరతు యజమాని జీవనోపాధిపై శిక్షగా మారే ప్రమాదముంది. అందుచేత ఈ ప్రాంతంలో మొదట ప్రయాణికులను తీసుకువెళ్లే వాహనాలకు ఫ్రాన్సు తరహాలో నివారణగా వర్తింపజేయడం హేతుబద్ధం.

మూడోది, షరతు ఏ భాషలో? ఎక్స్‌పార్టీ డిక్రీల చరిత్ర మనకు చెప్పేది ఇదే: అర్థం కాని షరతు ఉల్లంఘన కోసమే పుట్టినట్టు ఉంటుంది. బాండు పత్రంలోని మాటలు, పరికరం ఇచ్చే సూచనలు తెలుగులోనూ, అవసరమైనచోట కోయ భాషలోనూ వివరించనిదే ఉల్లంఘనకు శిక్ష వేయడం న్యాయం కాదు. అధికంగా పులిసిన ఆహారం, నోరు కడిగే మందు వంటివి తప్పుడు ఫలితం ఇచ్చే అవకాశం ఉంది కనుక, కొద్ది నిమిషాలు ఆగి మళ్లీ ఊదే వీలుందన్న సమాచారం కూడా అందులో భాగం కావాలి.

నాలుగోది, పర్యవేక్షణ ఎవరిది? ప్రొబేషన్ అధికారి దూరపు పట్టణంలో ఉంటే నమోదైన అంకెలు మాత్రమే ఆయనకు అందుతాయి. పెసా చట్టం మత్తు నియంత్రణలో గ్రామసభకు అధికారం ఇచ్చింది. నేర నిర్ణయం కోర్టుదే కావాలి. కాని షరతు కాలంలో మనిషికి అండగా నిలిచే బాధ్యత గ్రామసభతో పంచుకోవడానికి చట్టపరమైన ఆటంకం లేదు. తాళం తీసిన తరువాత ప్రభావం నిలవదన్న అధ్యయనాల ఫలితానికి సమాధానం ఇక్కడే దొరకవచ్చు. యంత్రం ఏడాదికి తొలగిపోతుంది, ఊరు అక్కడే ఉంటుంది.

8. ముగింపు

చిగురు పన్ను నుంచి ఇంజను తాళం వరకు సాగిన చరిత్రను చట్టం పరిణతి చెందిన కథగా మాత్రమే చదవడం తొందరపాటు. చట్టం పట్టుకునే వస్తువు చెట్టు నుంచి తాళంచెవి వరకు సూక్ష్మమవుతూ వచ్చిన మాట నిజం. తాగడాన్నీ, తాగినందువల్ల ఇతరులకు కలిగే హానినీ వేరుచేసి చూడగలగడం నిస్సందేహంగా పురోగతి. అయితే 1879లో రంప కొండవాసులు ఎదిరించినది కేవలం నిషేధాన్ని కాదు, ఆ నిషేధాన్ని అమ్ముకున్న ఏర్పాటును. ఎంత సూక్ష్మమైన పరికరమైనా అదే ఏర్పాటులో ఇమిడితే అదే ఫలితాన్ని ఇస్తుంది.

1958 చట్టంలో షరతుకు స్థానం, 1988 చట్టంలో కొలత, 1996 చట్టంలో సమాజ భాగస్వామ్యం ఇప్పటికే ఉన్నాయి. ఈ మూడింటినీ కలిపి, లాభాపేక్షను మినహాయించి రూపొందించే షరతు మాత్రమే రంపచోడవరం ఘాటు దారిలో ఎదురుగా వచ్చే ప్రయాణికుడి ప్రాణాన్నీ, ఊరి పండుగలో కల్లు ముంత అందుకునే మనిషి గౌరవాన్నీ ఏకకాలంలో కాపాడగలదు.